అన్ని వయసుల స్త్రీపురుషులు కలిసి వెళ్లే విహారయాత్రకు ప్రణాళిక వేసుకోవడం ఎలా?

సెలవులకు ఎక్కడికి వెళ్దామన్న మాట రాగానే కుర్రవాళ్లు కొండలెక్కుదామంటారనీ, పెద్దవాళ్లు నీడపట్టున కూర్చుంటామంటారనీ, ఆడవాళ్లు బజార్లు చూస్తామంటారనీ, మగవాళ్లు బండి నడపడానికి ముందుకొస్తారనీ ఎవరినీ అడగకముందే మనం ఒక లెక్క వేసుకుని కూర్చుంటాం. ఆ లెక్క ఒక్కోసారి నిజమే అవుతుంది గానీ, దాన్ని నమ్ముకుని టికెట్లు కొంటేనే చిక్కు. వయసు, ఆడమగ తేడా ప్రయాణపు ఎంపికలను మారుస్తాయనడంలో సందేహం లేదు. అయితే అవి నేరుగా అభిరుచిని మార్చడం కంటే ఎక్కువగా చేతిలో ఉన్న తీరికను, డబ్బు మీద ఉన్న అధికారాన్ని, ఒంట్లోని ఓపికను, మనసులోని భయాన్ని, ఎవరినో ఒకరిని కనిపెట్టుకుని ఉండవలసిన బాధ్యతను మారుస్తాయి. కాబట్టి ప్రణాళిక వేసేవారు తెలుసుకోవలసింది ఈ ఐదింటి గురించే.

అమెరికాకు చెందిన ప్రయాణ పరిశోధకుడు స్టాన్లీ ప్లాగ్ కొంతమంది విమానం ఎక్కడానికి ఎందుకు వెనకాడుతున్నారో విమానయాన సంస్థల కోసం పరిశీలించాడు. 1974లో ప్రచురించిన వ్యాసంలో ప్రయాణికులను వయసును బట్టి కాక స్వభావాన్ని బట్టి వరుసలో నిలబెట్టాడు. ఒక కొసన తెలిసిన చోటుకే మళ్లీ మళ్లీ వెళ్లేవారు, రెండో కొసన ఎవరూ తొక్కని దారి వెతికేవారు, మధ్యలో మనలో చాలామంది. ఒకే మనిషి ఒక యాత్రలో ఒకలాగా, మరో యాత్రలో ఇంకోలాగా ఉంటాడు కదా అన్న విమర్శ ఆ సిద్ధాంతం మీద ఉంది, అందులో న్యాయమూ ఉంది. అయినా డెబ్బయ్యేళ్ల సాహసి, ఇరవయ్యేళ్ల పిరికివాడు ఒకే ఇంట్లో ఉండవచ్చునని గుర్తుపెట్టుకోవడానికి అది చాలు.

ముందుగా ప్రతి ఒక్కరినీ విడిగా మూడు ప్రశ్నలు అడగండి: ఈ యాత్రలో తప్పక కావలసినదేమిటి, అసలు వద్దనుకునేదేమిటి, రోజుకు ఎన్ని గంటలు బయట తిరగగలరు? నలుగురి మధ్యా అడిగితే పెద్దవాళ్లూ, కొత్తగా కుటుంబంలోకి వచ్చినవాళ్లూ "మీ ఇష్టం" అని ఊరుకుంటారు. దాన్ని జవాబుగా తీసుకోకూడదు. మూడింటిలోనూ నా అనుభవంలో ఎక్కువ పనికొచ్చేది రెండో ప్రశ్న.

మా బంధువుల్లో ఒక పెద్దావిడ ఏ యాత్రకు వెళ్లినా మధ్యాహ్నానికల్లా "నేను గదిలోనే ఉంటానులే, మీరు వెళ్లిరండి" అనేవారు. ఓపిక తగ్గిందనుకుని మేమూ బలవంతం చేసేవాళ్లం కాదు. ఒకసారి బస్సులో ఆమె పక్కన కూర్చున్నప్పుడు గమనిస్తే, పొద్దున ఇచ్చిన నీళ్ల సీసా మూత కూడా తీయలేదు. దారిలో మరుగుదొడ్డి దొరుకుతుందో లేదోనని ఆమె నీళ్లే తాగడం మానేశారు, నీళ్లు తాగక నీరసపడుతున్నారు. తర్వాతి యాత్రలో రెండు గంటలకొకసారి శుభ్రమైన మరుగుదొడ్డి ఉన్న చోట ఆగేలా దారిని ముందే గుర్తించి, ఆ కాగితం ఆమె చేతికిచ్చాం. ఆ రోజు అందరికంటే ముందు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడింది ఆవిడే. గర్భిణులకు, చిన్నపిల్లలకు, ప్రోస్టేట్ సమస్య ఉండీ నోరు విప్పని మగవారికి కూడా ఆ కాగితమే కావాలి.

దూరాలను కూడా ఇలాగే మనుషుల్ని బట్టి లెక్కగట్టాలి. ఫోన్‌లోని మ్యాపు మనిషి గంటకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తాడన్న అంచనాతో కిలోమీటరు దూరాన్ని 12 నిమిషాలంటుంది. మోకాళ్ల నొప్పులున్నవారు గంటకు 3 కిలోమీటర్లు నడిస్తే అదే దూరానికి 20 నిమిషాలు పడుతుంది, మధ్యలో కూర్చునే సమయం దీనికి అదనం. నిద్రవేళలూ అంతే. యౌవనంలోకి అడుగుపెట్టిన పిల్లలకు రాత్రి నిద్ర ఆలస్యంగా పట్టడం బద్ధకం కాదు, ఆ వయసులో దేహపు గడియారమే ఆలస్యంగా నడుస్తుంది. పెద్దవాళ్లకు తెల్లవారకముందే మెలకువ వస్తుంది. అందువల్ల ఉదయపు నడకను పెద్దవాళ్లకూ పసిపిల్లలకూ వదిలేసి, అందరూ కలిసి చూడవలసిన వాటిని పది గంటల తర్వాతకు పెట్టుకుంటే రోజూ పొద్దున జరిగే గొడవ తప్పుతుంది.

వయసుకు సంబంధించిన నిబంధనలను డబ్బు కట్టకముందే చూసుకోవాలి. చాలా దేశాల్లో 25 ఏళ్లు నిండనివారికి కారు అద్దెకిస్తే అదనపు రుసుము వేస్తారు. ప్రయాణ బీమా ప్రీమియం వయసుతో పాటు పెరుగుతుంది, ముందునుంచీ ఉన్న జబ్బును దాచిపెడితే పరిహారం రాకపోవచ్చు. పిల్లలు తల్లిదండ్రుల్లో ఒక్కరితోనే సరిహద్దు దాటేటప్పుడు రెండోవారి అంగీకార పత్రం అడిగే దేశాలున్నాయి. గర్భిణులను ఒకే బిడ్డ అయితే సుమారు 36 వారాల వరకు, కవలలైతే 32 వారాల వరకు అనుమతించడం విమానయాన సంస్థల్లో సాధారణం, 28 వారాలు దాటితే వైద్యుని ధ్రువపత్రం అడగవచ్చు.

ఆరోగ్యం విషయంలో మన ఊహలు తరచుగా తలకిందులవుతాయి. 2,500 మీటర్లు దాటిన ఎత్తులో ప్రాణవాయువు తగ్గి వచ్చే కొండజబ్బు నుంచి యౌవనంగానీ కండబలంగానీ కాపాడవు, తొందరగా పైకి పరుగెత్తే కుర్రవాడికే ప్రమాదం ఎక్కువ. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ముందు రోజుకంటే 500 మీటర్లకు మించి ఎత్తు పెరగకుండా, మూడు నాలుగు రోజులకొకసారి అక్కడే ఆగేలా చూసుకోవాలి. నాలుగు గంటలు మించి కదలకుండా కూర్చునే ప్రయాణంలో కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం వృద్ధులకే కాదు, గర్భిణులకూ, ఈస్ట్రోజన్ అనే హార్మోను ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడేవారికీ, ఈమధ్యే శస్త్రచికిత్స అయినవారికీ ఎక్కువ. వీరు ముందుగా వైద్యుణ్ని అడిగి, దారిలో అప్పుడప్పుడు లేచి నడవాలి.

భద్రత అనగానే ఆడవారిని ఫలానా చోటికి వెళ్లవద్దనడం మనకు అలవాటు. నిజానికి చాలామంది స్త్రీలు చూసుకునేది చోటును కాదు, వేళను: చీకటి పడేలోగా చేరతామా, స్టేషన్ నుంచి బసకు నమ్మకమైన వాహనం ఉందా, గది తలుపుకు లోపలినుంచి గడియ ఉందా. ఇందుకోసం కాస్త ఖరీదైన రైలు లేదా దగ్గరి బస ఎంచుకోవలసి వస్తే ఆ తేడాను విలాసంగా కాక యాత్ర ఖర్చుగానే రాసుకోవాలి. మగవారి ప్రమాదం వేరే రకం. నీటిలో మునిగి చనిపోయేవారిలో పురుషుల రేటు స్త్రీలకంటే దాదాపు రెట్టింపని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి సముద్రమో జలపాతమో ఉన్న చోట ముందుగా జాగ్రత్త చెప్పవలసింది ఈత వచ్చునని ధీమాగా ఉన్నవాడికే.

బసను ఎంచుకునేటప్పుడు పని గురించి కూడా మాట్లాడుకోవాలి. వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ ఇంట్లో వండే మనిషే అక్కడా వండితే ఆమెకు మారింది పొయ్యి ఒక్కటే. ఏ పూట ఎవరు వండుతారో, మందులూ టికెట్లూ ఎవరి దగ్గర ఉంటాయో, పసిపిల్లను మధ్యాహ్నం ఎవరు నిద్రపుచ్చుతారో పేర్లతో సహా రాసుకున్నాకే ఆ ఇల్లు ఖాయం చేయండి. ఆ పేర్లు రాయడం కుదరకపోతే హోటలే మేలు.

రోజంతా అందరూ కలిసే ఉండాలన్న పట్టుదల అక్కర్లేదు. ఉదయం, రాత్రి భోజనం వేళ కలిసి ఉండి, నడుమ నాలుగు గంటలు ఎవరిదారిన వారిని వదిలేయండి. ముసాయిదా పూర్తయ్యాక, డబ్బు కట్టడానికి ముందు, దాన్ని ఇంట్లో అందరికంటే తక్కువ మాట్లాడే మనిషి చేతికిచ్చి, అందులోంచి ఒక అంశాన్ని కొట్టేయమనండి. ఏది కొట్టేసినా కారణం అడగకండి.