ముందు హోస్టింగ్ బండిల్, తర్వాత ఐఐఎస్ ఎక్కిస్తే వచ్చే 500.19 ఎర్రర్: కారణం, పరిష్కారం

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల లాడ్జీలకు తెల్లవారుజామునే రద్దీ మొదలవుతుంది. నారాయణాద్రి దిగిన జనం పిల్లల్ని ఎత్తుకుని, బ్యాగులు మోసుకుంటూ నేరుగా రిసెప్షన్‌కే వస్తారు. స్నానం చేసి కొండకు బయల్దేరాలన్న తొందర వాళ్లది. అలాంటి ఒక ఉదయం ఒక లాడ్జి మేనేజర్ నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, బుకింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలా. ఏందో ఎర్రర్ అని ఇంగ్లీషులో వచ్చుండాది. ముందర పది మంది నిలబడుండారు."

"రాత్రి సిస్టమ్ ఏమన్నా చేశారా?"

"ఎస్ఎస్‌డీ వేయించి, ఫార్మాట్ కొట్టించినామన్నా. మా అబ్బాయి అన్నీ మళ్లీ ఎక్కించినాడు. ఒక్కటి కూడా వదల్లేదంటాడు."

ఆ అబ్బాయి చెప్పింది నిజమే, ఒక్కటి కూడా వదల్లేదు. ఎక్కించిన వరుసే తప్పింది. అప్పటికి రిజిస్టర్‌లో చేత్తో రాసి గదులు ఇమ్మని చెప్పి వెళ్లాను. వెళ్లాక అరగంట పట్టింది. కారణం ముందే తెలిస్తే పది నిమిషాల పని. ఇదే ఎర్రర్‌తో రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి మళ్లీ ఫార్మాట్ కొట్టించుకున్న వాళ్లు నాకు తెలుసు. అందుకే ఇది వివరంగా రాస్తున్నాను.

లక్షణం: తెర మీద ఏం కనిపిస్తుంది

ముందుగా, ఎర్రర్‌ను సర్వర్‌గా వాడుతున్న కంప్యూటర్‌లోనే చూడండి. రిసెప్షన్‌లోని ఇంకో కంప్యూటర్ నుంచి చూస్తే ఐఐఎస్ (సాఫ్ట్‌వేర్ పేజీలను బ్రౌజర్‌కు అందించే విండోస్ వెబ్ సర్వర్) చాలాసార్లు "500 ఇంటర్నల్ సర్వర్ ఎర్రర్" అన్న ఒక్క ముక్క చూపించి ఊరుకుంటుంది. వివరాలు బయటివాళ్లకు కనపడకూడదని అది పెట్టుకున్న జాగ్రత్త. అదే కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి లోకల్‌హోస్ట్ అని కొడితే పూర్తి పేజీ వస్తుంది.

ఆ పేజీలో పైన "హెచ్‌టీటీపీ ఎర్రర్ 500.19" అని, దాని కింద ఈ పేజీకి సంబంధించిన కాన్ఫిగరేషన్ డేటా చెల్లదని ఒక వాక్యం ఉంటుంది. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇంకాస్త కిందికి రండి. "ఎర్రర్ కోడ్" అన్న గడిలో 0ఎక్స్8007000డి అని ఉందా? "కాన్ఫిగ్ ఎర్రర్" గడి ఖాళీగా ఉందా? "కాన్ఫిగ్ సోర్స్" దగ్గర అసలు లైనే చూపించకుండా మైనస్ 1, 0 అని అంకెలు మాత్రమే ఉన్నాయా? ఈ మూడూ కలిసి కనిపించి, సాఫ్ట్‌వేర్ మైక్రోసాఫ్ట్ వెబ్ ప్లాట్‌ఫామ్ ఏఎస్పీ డాట్ నెట్ కోర్‌లో రాసిందైతే, మొదట అనుమానించాల్సింది ఎక్కించిన వరుసనే.

ఆ కోడ్‌లో చివరి నాలుగు అక్షరాలు చాలా ముఖ్యం. 500.19 ఒకటే అయినా, చివర 000డి ఉంటే ఒక జబ్బు, 0021 ఉంటే ఇంకో జబ్బు, 0005 ఉంటే వేరే జబ్బు. మందులు కూడా వేరు. నాకు ఫోన్ చేసేవాళ్లను నేను మొదట అడిగేది ఆ నాలుగు అక్షరాలే.

కారణం: ఫైల్లో తప్పు లేదు, దాన్ని చదివేవాడికి ఆ మాట తెలియదు

సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో వెబ్ డాట్ కాన్ఫిగ్ అని ఒక ఫైలు ఉంటుంది. వచ్చిన రిక్వెస్టులన్నీ ఐఐఎస్‌కు తగిలించే అదనపు భాగమైన "ఏఎస్పీ నెట్ కోర్ మాడ్యూల్ వీ2"కి అప్పగించమని అందులో ఒక లైను, ఏ ప్రోగ్రామును నడపాలో చెప్పే "ఏఎస్పీనెట్‌కోర్" అనే సెక్షను ఇంకొకటి ఉంటాయి. కొత్తగా పెట్టిన ఐఐఎస్‌కు ఈ సెక్షను పేరే తెలియదు. ఆ పేరు నేర్పేది మైక్రోసాఫ్ట్ ఇచ్చే హోస్టింగ్ బండిల్ ఇన్‌స్టాలర్.

ఆ బండిల్ రెండు పనులు చేస్తుంది. డాట్ నెట్ రన్‌టైమ్‌లను కంప్యూటర్‌లో పెడుతుంది, ఇవి సాఫ్ట్‌వేర్ నడవడానికి కావాల్సిన ఫైళ్లు, దీనికి ఐఐఎస్ అవసరం లేదు. తర్వాత ఐఐఎస్ ఉంటే దానికి మాడ్యూల్‌ను తగిలించి, అప్లికేషన్‌హోస్ట్ డాట్ కాన్ఫిగ్ అనే పెద్ద ఫైల్లో ఈ కొత్త సెక్షనును నమోదు చేస్తుంది. లాడ్జి అబ్బాయి బండిల్ ఎక్కించిన సమయానికి విండోస్‌లో ఐఐఎస్ ఇంకా ఆన్ చేయలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, తగిలించడానికి ఐఐఎస్సే లేదక్కడ. మొదటి పని అయింది, రెండోది కాలేదు. తర్వాత ఐఐఎస్ ఆన్ చేశాడు. కానీ అది వెనక్కి తిరిగి "ఇంతకుముందు బండిల్ ఎక్కించారా?" అని చూడదు.

వెబ్ చిరునామాలను మార్చి పంపే యూఆర్‌ఎల్ రీరైట్ మాడ్యూల్ ఇన్‌స్టాలర్ ఇలా కాదు. ఐఐఎస్ లేకపోతే ఆ సంగతి ముఖం మీదే చెప్పి ఆగిపోతుంది. బండిల్ మాత్రం సగం పనితో ముగించి వెళ్తుంది కాబట్టే మనిషి మోసపోతాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. రన్‌టైమ్ ఉంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లోకి వెళ్లి దాని ఈఎక్స్‌ఈ ఫైలును డబుల్ క్లిక్ చేస్తే నల్ల విండో తెరుచుకుని చక్కగా నడుస్తుంది. పోర్ట్ ప్రత్యేకంగా మార్చి ఉండకపోతే లోకల్‌హోస్ట్ 5000లో లాగిన్ పేజీ కూడా వస్తుంది. అది చూసి "సాఫ్ట్‌వేర్ బాగానే ఉంది, విండోసే పాడైంది" అని అబ్బాయి అనుకున్నాడు. నిజానికి ఇది మంచి పరీక్ష. నేరుగా నడుస్తూ ఐఐఎస్ ద్వారా నడవడం లేదంటే, తెగింది ఆ రెంటి మధ్య లంకె ఒక్కటే.

ఖాయం చేసుకోవడానికి ఐఐఎస్ మేనేజర్ తెరవండి. ఎడమవైపు కంప్యూటర్ పేరు మీద క్లిక్ చేసి, మధ్యలో "మాడ్యూల్స్" బొమ్మ తెరవండి. జాబితా ఇంగ్లీషు అక్షర క్రమంలో ఉంటుంది. ఆ రోజు లాడ్జిలో మొదటి పేరు అనానిమస్ అథెంటికేషన్ మాడ్యూల్, దాని కిందే కస్టమ్ ఎర్రర్ మాడ్యూల్. ఆ రెంటి మధ్యలో ఏఎస్పీ నెట్ కోర్ మాడ్యూల్ వీ2 ఉండాలి, లేదు. ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

దయచేసి ఇది చేయకండి

వెబ్ డాట్ కాన్ఫిగ్ తెరిచి అర్థం కాని లైన్లు తీసేయకండి. తీసేస్తే 500.19 పోతుంది, దాని బదులు 403.14 వస్తుంది, అంటే ఫోల్డర్ జాబితా చూపించడానికి అనుమతి లేదని. అది చూసి "డైరెక్టరీ బ్రౌజింగ్" ఆన్ చేసేవాళ్లు ఉన్నారు. అప్పుడు ఏమవుతుందో ఆలోచించండి. రిక్వెస్టులను అందుకోవాల్సిన ప్రోగ్రాము పక్కకు పోయి, ఫోల్డర్‌లోని ఫైళ్లు మామూలు ఫైళ్లలా బయటికి కనిపిస్తాయి. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉండే యాప్‌సెట్టింగ్స్ ఫైలు కూడా అక్కడే ఉంటుంది. లాడ్జి డేటాబేస్‌లో ఉండేవి యాత్రికుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు. మనల్ని నమ్మి ఇచ్చిన వివరాలవి. ఎర్రర్ పోగొట్టుకోవడానికి వాటిని వీధిన పెట్టకూడదు.

పరిష్కారం

ముందు లోకల్‌హోస్ట్‌లో ఐఐఎస్ సొంత నీలం రంగు పేజీ వస్తోందో లేదో చూడండి. మీ సాఫ్ట్‌వేర్‌నే డీఫాల్ట్ సైటుగా పెట్టి ఉంటే అది కనపడదు, అప్పుడు ఐఐఎస్ మేనేజర్‌లో సైటు "స్టార్టెడ్" అని ఉంటే చాలు. ఐఐఎస్సే లేకపోతే కంట్రోల్ ప్యానెల్‌లో "టర్న్ విండోస్ ఫీచర్స్ ఆన్ ఆర్ ఆఫ్" తెరిచి ఇంటర్నెట్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్ ముందు టిక్ పెట్టండి.

తర్వాత వెబ్ డాట్ కాన్ఫిగ్‌కు ఒక కాపీ, విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, ఇనెట్‌సర్వ్, కాన్ఫిగ్ అనే దారిలో ఉండే అప్లికేషన్‌హోస్ట్ డాట్ కాన్ఫిగ్‌కు ఒక కాపీ తీసి పక్కన పెట్టుకోండి. మర్చిపోయినా మరీ కంగారు పడొద్దు, సీ డ్రైవ్‌లోని ఇనెట్‌పబ్ కింద హిస్టరీ ఫోల్డర్‌లో ఐఐఎస్ తనంతట తానే అప్లికేషన్‌హోస్ట్ డాట్ కాన్ఫిగ్ పాత కాపీలు దాచిపెడుతుంది.

ఇప్పుడు అసలు పని. ఇంతకుముందు ఎక్కించిన హోస్టింగ్ బండిల్ ఇన్‌స్టాలర్‌నే మళ్లీ నడపండి. ఈసారి "రిపేర్" అన్న బటన్ కనిపిస్తుంది, అది నొక్కండి. ఇన్‌స్టాలర్ పారేసి ఉంటే మైక్రోసాఫ్ట్ డౌన్‌లోడ్ పేజీ నుంచి అదే వెర్షన్ తెచ్చుకోండి. ఆ పేజీలో ఎస్‌డీకే, రన్‌టైమ్, డెస్క్‌టాప్ రన్‌టైమ్ అని చాలా ఉంటాయి. మీకు కావాల్సింది "హోస్టింగ్ బండిల్" అని రాసి ఉన్నదే. మిగతావి ఎన్నిసార్లు ఎక్కించినా ఐఐఎస్‌కు మాడ్యూల్ తగలదు.

రిపేర్ అయ్యాక సైటును ఒక్కదాన్నే రీస్టార్ట్ చేస్తే సరిపోదు. ఇన్‌స్టాలర్ సిస్టమ్ పాత్‌లో చేసిన మార్పును ఐఐఎస్ గ్రహించాలంటే సర్వీసులు పూర్తిగా ఆగి మళ్లీ లేవాలి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, "నెట్ స్టాప్ డబ్ల్యూఏఎస్ స్లాష్ వై" కొట్టండి, అది ఆగాక "నెట్ స్టార్ట్ డబ్ల్యూ3ఎస్‌వీసీ" కొట్టండి. ఇవన్నీ ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, స్లాష్ అన్నచోట ఆ గుర్తు పెట్టి. కమాండ్లంటే భయమైతే కంప్యూటర్‌నే రీస్టార్ట్ చేయండి, ఫలితం అదే.

మళ్లీ మాడ్యూల్స్ జాబితా తెరవండి. లాడ్జిలో ఈసారి అనానిమస్‌కూ కస్టమ్‌కూ మధ్య ఆ పేరు వచ్చి కూర్చుంది. బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొడితే లాగిన్ పేజీ వచ్చింది.

ఐఐఎస్‌లో సైటును నడిపే అప్లికేషన్ పూల్‌లో డాట్ నెట్ సీఎల్ఆర్ వెర్షన్ దగ్గర "నో మేనేజ్డ్ కోడ్" అని పెట్టడం మంచిది. పెట్టకపోయినా నడుస్తుంది.

రిపేర్ చేసినా పోకపోతే

చివర అదే 000డి ఉండి, మాడ్యూల్ జాబితాలో కూడా ఉంటే, వెబ్ డాట్ కాన్ఫిగ్‌లో "రీరైట్" అన్న సెక్షను ఉందేమో చూడండి. ఉంటే యూఆర్‌ఎల్ రీరైట్ మాడ్యూల్ ఎక్కించాలి. తెలియని మాట ఇంకొకటి మిగిలిందన్నమాట, జబ్బు అదే.

చివర 0021 ఉంటే సెక్షను పై స్థాయిలో లాక్ అయి ఉందని అర్థం. డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ మీద నడిచే పాత సాఫ్ట్‌వేర్లలో ఇది ఎక్కువ. విండోస్ ఫీచర్స్‌లో ఐఐఎస్ కింద, అప్లికేషన్ డెవలప్‌మెంట్ ఫీచర్స్‌లో ఏఎస్పీ డాట్ నెట్ 4.8 టిక్ చేస్తే చాలావరకు తీరుతుంది. విండోస్ 7 కాలంలో ఇదే వరుస తప్పు చేస్తే 500.21 వచ్చేది, ఏఎస్పీనెట్_రెగ్ఐఐఎస్ అనే కమాండుతో సరిచేసేవాళ్లం. విండోస్ 8 నుంచి ఆ కమాండు పని చేయదు. పాత పద్ధతి చూసి దాని వెంట పడకండి.

చివర 0005 ఉంటే అనుమతుల సమస్య. ఫోల్డర్‌ను డెస్క్‌టాప్ నుంచి కట్ చేసి ఇనెట్‌పబ్‌లో పేస్ట్ చేస్తే పాత అనుమతులే వెంట వస్తాయి. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ కింద ఐఐఎస్_ఐయూఎస్ఆర్ఎస్ అనే గ్రూపుకు చదివే హక్కు ఇవ్వండి. "ఎవ్రీవన్ - ఫుల్ కంట్రోల్" మాత్రం ఇవ్వొద్దు.

500.19 పోయి 500.31 వస్తే నిరాశపడకండి, ముందుకు జరిగారు. మాడ్యూల్ దొరికింది, సాఫ్ట్‌వేర్ అడిగిన రన్‌టైమ్ వెర్షన్ దొరకలేదు. సాఫ్ట్‌వేర్ డాట్ నెట్ 6కు రాసి ఉంటే, మీరు 8 ఒక్కటే ఎక్కించి ఉంటే ఇలా వస్తుంది. 500.32 వస్తే 32 బిట్, 64 బిట్ తేడా ఉందేమో చూడాలి.

500.30 కొంచెం లోతైనది. ప్రోగ్రాము మొదలై వెంటనే పడిపోయిందని అర్థం. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, అప్లికేషన్ తెరిస్తే ఎందుకు పడిపోయిందో రాసి ఉంటుంది. నేను ఎక్కువగా చూసింది డేటాబేస్ లాగిన్ విఫలం కావడం. డబుల్ క్లిక్ చేసినప్పుడు ప్రోగ్రాము మీ విండోస్ యూజర్ పేరుతో నడుస్తుంది, ఐఐఎస్ కింద అప్లికేషన్ పూల్ పేరుతో నడుస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు మీరు తెలుసు, ఆ పూల్ తెలియదు. దానికి వేరుగా లాగిన్ ఇవ్వాలి.

ఇక సైటే స్టార్ట్ కాకుండా, ఏదో ఫైలును వేరే ప్రాసెస్ వాడుతోందని వస్తే పోర్ట్ 80ని ఎవరో పట్టుకున్నారు. ఎగ్జామ్ప్ ఉన్న కంప్యూటర్లలో అపాచీ అనే ఇంకో వెబ్ సర్వర్ తరచూ దాన్ని పట్టుకుని ఉంటుంది. ఒకదాన్ని 8080కి మార్చండి.

లాడ్జిలో అన్నీ అయ్యాక రిసెప్షన్ కంప్యూటర్ నుంచి మాత్రం పేజీ రాలేదు. కొత్త విండోస్ కాబట్టి ఫైర్‌వాల్‌లో 80 మూసి ఉంది. వరల్డ్ వైడ్ వెబ్ సర్వీసెస్ అన్న ఇన్‌బౌండ్ నియమాన్ని ఎనేబుల్ చేశాక వచ్చింది. రిజిస్టర్‌లో చేత్తో రాసిన గదులను మేనేజర్ ఒక్కొక్కటిగా ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి ఒక కాగితం తీసుకుని ఐఐఎస్, రీరైట్, హోస్టింగ్ బండిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, చివర బుకింగ్ సాఫ్ట్‌వేర్ అని వరుసగా రాసి, సీపీయూ పక్కన గోడకు టేపుతో అంటించాడు.