బదిలీ తర్వాత మనసు కుదుటపడిన విధం: నా అనుభవం

నెల్లూరులోని మా శాఖను మూసివేయడంతో నలభై ఏడేళ్ల వయసులో చెన్నైకి బదిలీ అయిన నన్ను కుంగదీసింది పనిభారం కాదు, బస్సు మీది ఊరి పేరు కూడా చదవలేని నిస్సహాయత. రెండు నెలల పాటు సరిగా నిద్రపట్టలేదు. అంతా మన మంచికే అన్న ఓదార్పు నాకు ఏమాత్రం పనిచేయలేదు.

మార్పు రాయడంతో మొదలైంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్ 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున తమను బాధించిన అనుభవాలను రాశారని చదివి, టి.నగర్‌లోని పానగల్ పార్కులో కూర్చుని నేనూ రాశాను. మొదటి రెండు రోజులూ బాధ తగ్గకపోగా పెరిగింది. ఈ సంగతి ముందే తెలిసి ఉండటం అవసరం. మూడో రోజున మాత్రం, శాఖను తిరిగి తెరిపించడం నా చేతిలో లేదని, అక్షరాలు నేర్చుకోవడం ఉందని కాగితం మీద స్పష్టంగా కనిపించింది.

ఆపై రోజుకు రెండు బోర్డులు కూడబలుక్కుని చదివాను. తమిళంలో క, గ లకు ఒకే అక్షరమని, సందర్భాన్ని బట్టి పలకాలని టీకొట్టు అన్న ఓపికగా చెప్పాడు. ఆ పార్కుకు పేరైన పానగల్ రాజా, 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రిగా పనిచేసిన ఆయన, కాళహస్తిలో పుట్టిన తెలుగువారని తెలిసిన రోజున ఈ ఊరు నాకు కొంత దగ్గరైంది.

ఐదో నెలకు నిద్ర కుదిరింది. నెల్లూరు గుర్తొచ్చి మనసు బరువెక్కిన సాయంత్రం ఇప్పటికీ ఆ నోటుపుస్తకాన్నే తెరుస్తాను.