జేమ్స్ వెబ్ టెలిస్కోప్ తీసిన గెలాక్సీల ఫొటోను ముడి డేటా నుంచి మీరే తయారు చేసుకోవడం ఎలా?

ఫోన్లలో చక్కర్లు కొట్టే గెలాక్సీల ఫొటోలు చాలావరకు పాడైపోయినవే. ఎవరో కాంట్రాస్ట్ పెంచేస్తారు, ఆకాశాన్ని కాటుక నలుపు చేసేస్తారు, నక్షత్రాలు మాత్రం ధగధగలాడతాయి. నిజంగా నోరు తెరుచుకుని చూడాల్సిన మసక ఎర్ర మరకలు ఆ నలుపులోనే కలిసిపోతాయి. ఒక్కొక్క మరకా ఒక గెలాక్సీ. వాటిని పోగొట్టుకోకుండా చూడాలంటే మూల డేటా తెచ్చుకుని ఫొటోను మీరే చేసుకోవాలి. డేటా ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం, ఒక ఆదివారం సరిపోతుంది.

మొదటి ప్రయత్నానికి ఎస్‌మాక్స్ 0723 గెలాక్సీల గుంపునే తీసుకోండి. 2022 జులై 11న అమెరికా అధ్యక్ష భవనంలో విడుదలైన వెబ్ తొలి ఫొటో ఇదే. చేయి చాచి పట్టుకున్న ఇసుక రేణువు ఎంత ఆకాశాన్ని కప్పుతుందో ఈ ఫొటోలో ఉన్నది అంతే. గుంపు నుంచి వెలుగు బయల్దేరి 400 కోట్ల ఏళ్లు దాటింది, అంటే మన భూమి ఇంకా పసిదిగా ఉన్న కాలం. దాని వెనకున్న గెలాక్సీల్లో ఒకదాని వెలుగు 1310 కోట్ల ఏళ్ల నాటిదని వెబ్ వర్ణపటమే తేల్చింది. గుంపు చిరునామా దాని పేరులోనే ఉంది. పూర్తి పేరు ఎస్‌మాక్స్ జె0723.3-7327. అందులోని 7327 అంటే దక్షిణంగా 73 డిగ్రీల 27 నిమిషాలు. హైదరాబాద్ ఆకాశంలో ఇది ఏనాడూ ఉదయించదు. కాబట్టి డేటాలో చూడటమే దారి.

కావాల్సినవి

8 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ (16 ఉంటే హాయి), 10 జీబీ ఖాళీ జాగా, ఫిట్స్ లిబరేటర్ (టెలిస్కోప్ డేటా ఫైళ్లను తెరిచే సాఫ్ట్‌వేర్), గింప్ (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్) 2.10 లేదా ఆ తర్వాతి వెర్షన్. పాత గింప్ వద్దు, అది 16 బిట్ ఫైలును 8 బిట్‌కు కుదించేస్తుంది. ఫోన్‌లో ఈ పని కాదు. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయండి, వెలుతురులో మసక మరకలు కంటికి ఆనవు.

డేటా దింపుకోవడం

బాల్టిమోర్‌లోని స్పేస్ టెలిస్కోప్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ నడిపే మాస్ట్ ఆర్కైవ్‌కు వెళ్లండి. ప్రపోజల్ నంబరు 2736, పరికరం నిర్‌క్యామ్ అని వెతకండి. నిర్‌క్యామ్ అంటే వెబ్‌లోని పరారుణ కెమెరా. లాగిన్ అక్కర్లేదు. లెక్కలేనన్ని ఫైళ్లు కనిపిస్తాయి, కంగారు పడొద్దు. పేరు చివర ఐ2డి అని ఉండే మూడో స్థాయి ఫైళ్లే మనకు కావాలి. చాలా ఫ్రేములను కలిపి సరిచేసి పెట్టినవి అవే. క్యాల్ అని ఉన్నవి విడి ఫ్రేములు, వాటి జోలికి వెళ్లొద్దు.

మూడు ఫిల్టర్లు చాలు: ఎఫ్277డబ్ల్యూ, ఎఫ్356డబ్ల్యూ, ఎఫ్444డబ్ల్యూ. ఆ అంకె తరంగదైర్ఘ్యం: 444 అంటే 4.44 మైక్రోమీటర్లు. మొదటిసారే ఈ ఫొటోకు వాడిన ఆరు ఫిల్టర్లూ కలపాలని కూర్చునేవాళ్లు మధ్యలో వదిలేస్తారు. నిర్‌క్యామ్‌లో పొట్టి తరంగాల కెమెరాకు ఒక్కో పిక్సెల్ 0.031 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను), పొడవు తరంగాల కెమెరాకు 0.063. ఈ రెండు రకాల ఫైళ్లనూ ఒకదానిమీద ఒకటి పేర్చాలంటే ముందు కొలత మార్చాలి. పైన చెప్పిన మూడూ పొడవు తరంగాలవే కాబట్టి ఆ తలనొప్పి ఉండదు.

స్ట్రెచ్: ఫొటో నిలిచేదీ చచ్చేదీ ఇక్కడే

ఫైలును ఫిట్స్ లిబరేటర్‌లో తెరిచి సై (SCI) అనే పొరను ఎంచుకోండి. తెర దాదాపు నల్లగా ఉంటుంది. ఫైలు పాడైందనుకుని మళ్లీ దింపుకునేవాళ్లున్నారు. అది పాడవలేదు. పెద్ద గెలాక్సీ నడిబొడ్డు వెలుగుతో పోలిస్తే మనకు కావాల్సిన మరక వెయ్యో వంతే ఉంటుంది. తెర చూపగలిగేది 0 నుంచి 255 వరకు 256 మెట్లు. వెలుగును ఉన్నదున్నట్టు పంచితే వెయ్యో వంతుకు దక్కేది 0, అంటే నలుపు. ఆ మరకను పైకి లాగడమే స్ట్రెచ్.

ఆర్క్‌సైన్‌హెచ్ తప్ప మరో ఫంక్షన్ వాడొద్దు. చాలామంది లాగ్ నొక్కేస్తారు. ఆకాశపు నేపథ్యాన్ని తీసేశాక ఖాళీ ఆకాశంలోని పిక్సెళ్లలో సగం సున్నాకు కింద ఉంటాయి. రుణ సంఖ్యకు లాగరిథమ్ లేదు, వర్గమూలమూ లేదు. దాంతో ఆ పిక్సెళ్లు నల్ల బొక్కలైపోతాయి, సున్నాకు కాస్త పైన ఉన్న నాయిస్ (ఆకాశానిది కాని చిల్లర వెలుగు) మాత్రం గరుకు కాగితంలా లేచి నిలబడుతుంది. ఆర్క్‌సైన్‌హెచ్ సున్నా దగ్గర సరళరేఖలా నడిచి, పైకి వెళ్లేకొద్దీ లాగ్‌లా ఒంగుతుంది. మసకనూ కాపాడుతుంది, నడిబొడ్డునూ కాల్చేయదు. స్లోన్ ఆకాశ సర్వే ఫొటోల కోసం ఖగోళ శాస్త్రవేత్త రాబర్ట్ లప్టన్ బృందం 2004లో దీన్నే సూచించింది.

ఇప్పుడు మూడు అంకెలు. ఆటో స్కేలింగ్ బటన్ వైపు చెయ్యి పోనీయకండి. డేటా లేని అంచులూ, డిటెక్టర్ పట్టలేనంత వెలుగున్న నక్షత్రాలూ దాన్ని మోసం చేస్తాయి. పైగా మూడు ఫిల్టర్లకూ అది మూడు రకాల లెక్క వేస్తుంది, తర్వాత రంగులు ఎందుకు తేడాగా ఉన్నాయో మీకు అంతుపట్టదు.

బ్యాక్‌గ్రౌండ్ లెవల్ ముందు తేల్చండి. ఏ గెలాక్సీ లేని చోట కర్సర్ పెట్టి విలువ రాసుకోండి. ఇలా పదకొండు చోట్ల. ఆ పదకొండింటినీ వరసలో పెట్టి మధ్యనున్న విలువ తీసుకోండి. సగటు వద్దు, తెలియకుండా ఒక మసక గెలాక్సీమీద కర్సర్ పడిందంటే సగటు పైకి జరిగిపోతుంది. ప్రతి ఫిల్టర్‌కూ ఈ విలువ వేరుగా వస్తుంది, రావాలి కూడా.

పీక్ లెవల్‌కు ఫొటో నడిమధ్యనున్న పెద్ద తెల్ల గెలాక్సీ బొడ్డు విలువ ఇవ్వండి. నక్షత్రాన్ని కొలవొద్దు. మూడు ఫిల్టర్లలోనూ అదే గెలాక్సీ, అదే చోటు. ఇలా చేస్తే ఆ గెలాక్సీ రంగు కలిపాక దానంతట అదే తెల్లగా వస్తుంది. దానికంటే నీలంగా ఉన్నదేదో, ఎర్రగా ఉన్నదేదో అప్పుడు నమ్మకంగా చెప్పొచ్చు.

స్కేల్డ్ పీక్ లెవల్ అసలు పగ్గం. వెయ్యో వంతు వెలుగున్న మరకకు ఇక్కడ 10 ఇస్తే 255లో 1 దక్కుతుంది, 100 ఇస్తే 5, 1000 ఇస్తే 30. అందుకే 1000. అంతకు మించి లాగితే నాయిస్ కూడా లేచి వస్తుంది. నిర్‌క్యామ్ ఎలక్ట్రానిక్స్ వదిలే సన్నని అడ్డచారలు కనిపించాయంటే మీరు హద్దు దాటినట్టే, వెనక్కి రండి. మూడు ఫిల్టర్లకూ ఈ అంకె ఒకటే ఉండాలి.

చివరికి బ్లాక్ లెవల్. హిస్టోగ్రామ్‌లో (ఏ వెలుగు ఎన్ని పిక్సెళ్లకు ఉందో చూపే గ్రాఫ్) ఎడమ వైపు ఒక గుట్ట కనిపిస్తుంది, అది ఖాళీ ఆకాశం. నల్లగా ఉంటే అందం అనుకుని అందరూ బ్లాక్ గీతను గుట్ట నడినెత్తికి జరుపుతారు. ఆ క్షణమే అతి దూరపు గెలాక్సీలన్నీ పోతాయి, ఎందుకంటే అవి ఉండేది ఆ గుట్ట కుడి వాలులోనే. సేవ్ చేశాక వాటిని ఏ స్లైడరూ తిరిగి తేలేదు. గుట్ట ఎడమ పాదం పూర్తిగా కనిపించాలి, గీత పాదానికి ఇంకా ఎడమగా ఉండాలి. ఆకాశం 255లో 20 దగ్గర నిలవాలి. చూడటానికి బూడిద రంగు కలిసిన నలుపులా ఉంటుంది. అదే సరైన ఆకాశం.

నమ్మకం కలగకపోతే ఫొటోలో ఏదో మూల 300 శాతానికి పెంచి, ఆ గీతను మెల్లగా కుడికి జరిపి చూడండి. మూడు నాలుగు పిక్సెళ్ల మరకలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. వెంటనే గీతను వెనక్కి తెచ్చేయండి.

మూడింటినీ 16 బిట్ టిఫ్‌గా సేవ్ చేయండి.

రంగులు, అమరిక

గింప్‌లో మూడు ఫైళ్లనూ లేయర్లుగా తెరవండి. కొన్ని పిక్సెళ్ల తేడా ఉండొచ్చు. ఒక చిన్న నక్షత్రాన్ని 800 శాతానికి పెంచి, పై లేయర్ల ఒపాసిటీ సగానికి తగ్గించి, ఒకదానిమీద ఒకటి కూర్చునేదాకా జరపండి. తర్వాత ఒపాసిటీని మళ్లీ 100కు తెచ్చి, లేయర్లన్నిటినీ ఒకే సైజుకు తెచ్చి, కలర్స్ మెనూలో కాంపోనెంట్స్, అందులో కంపోజ్. 277 నీలానికి, 356 ఆకుపచ్చకు, 444 ఎరుపుకు. నక్షత్రానికి ఒక పక్క ఎర్ర అంచు, మరో పక్క నీలి అంచు కనిపిస్తే అమరిక కుదరలేదన్నమాట.

ఇవి దొంగ రంగులని కొట్టిపారేసేవాళ్లున్నారు. మన కన్ను 0.7 మైక్రోమీటర్ల దగ్గరే ఆగిపోతుంది, ఇదంతా పరారుణం. పొట్టి తరంగానికి నీలం, పొడవు తరంగానికి ఎరుపు అన్న వరస తప్పకపోతే అందులో దొంగతనం లేదు. వెబ్ ఫొటోలు చేసే జోసెఫ్ డిపాస్‌క్వాలే, అలిస్సా పేగన్ పాటించే వరస కూడా ఇదే. దాన్ని తారుమారు చేసి ఊదా, గులాబీ పులిమితే మాత్రం నిజంగా దొంగ రంగే. ఎర్ర మరక ఎర్రగా ఉండటానికి తరచుగా కారణం దాని దూరమే, వ్యాకోచిస్తున్న విశ్వంలో ప్రయాణించి ఆ వెలుగు తరంగం పొడవుగా సాగింది. కొన్ని మాత్రం ధూళి కప్పేయడం వల్ల ఎర్రబడతాయి.

పెద్ద నక్షత్రాల నడుమ నల్ల చుక్కలుంటే భయపడొద్దు, డిటెక్టర్ నిండిపోయిన చోట విలువ లేదని అర్థం. వాటిని చిన్న బ్రష్‌తో తెల్లగా నింపండి. ఆరు పెద్ద ముళ్లు, అడ్డంగా రెండు చిన్న ముళ్లు వెబ్ అద్దానివీ, దాని ఊతకడ్డీలవీ. వాటిని చెరపొద్దు.

షార్పెన్ వద్దు. ఏఐతో పెద్దది చేయడం అసలే వద్దు. మూడు పిక్సెళ్ల మరకకు అది చేతులు మొలిపించి సర్పిలం చేసేస్తుంది, ఆకాశంలో లేని గెలాక్సీని మీరు చూస్తుంటారు.

ఇప్పుడు 100 శాతం దగ్గర పెట్టి నడిమధ్య గెలాక్సీ చుట్టూ చూడండి. విరిగిన చేతి గాజు ముక్కల్లా వంపు తిరిగిన గీతలు కనిపిస్తాయి. అవి వెనకున్న గెలాక్సీలే, గుంపు బరువుకు వాటి వెలుగు వంగి అలా సాగింది. కొన్ని వంపులు జంటలు, ఒకే గెలాక్సీ రెండు మూడు చోట్ల కనిపిస్తోంది. ఒక వంపు వెంట నిదానంగా జరుగుతూ చిన్న ముడుల్లాంటి చుక్కలు వెతకండి, నక్షత్రాలు గుంపులుగా పుడుతున్న చోట్లు కావచ్చు.

పీఎన్‌జీగా దాచుకోండి. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది, ముందుగా పోయేవి ఆ మసక ఎర్ర మరకలే.