సొంతంగా కంప్యూటర్ కట్టుకుందాం - 6వ పాఠం: మదర్‌బోర్డ్ డ్రైవర్లు

పోయిన పాఠంలో విండోస్ 11 ఎక్కిస్తూ, నెట్‌కి కనెక్ట్ అవ్వమని అడిగే స్క్రీన్ దగ్గర ఆగాం. చాలామందికి టెన్షన్ మొదలయ్యేది సరిగ్గా అక్కడే. ల్యాన్ కేబుల్ పెట్టే ఉంటుంది, అయినా నెక్స్ట్ బటన్ పనిచేయదు, వైఫై పేరు ఒక్కటీ కనిపించదు. బోర్డు పోయిందేమోనని కంగారుపడి షాపుకి ఫోన్ చేయకండి. బోర్డు మీదున్న నెట్‌వర్క్ చిప్‌కి సరిపోయే డ్రైవర్, అంటే ఆ చిప్‌ని విండోస్ వాడుకునేలా చేసే చిన్న సాఫ్ట్‌వేర్, విండోస్ దగ్గర లేదు, అంతే. డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి.

ఇక్కడ ఆండ్రాయిడ్ ఫోన్ ఆదుకుంటుంది. ఫోన్‌ని కేబుల్‌తో పీసీ వెనక ఉన్న యూఎస్‌బీ పోర్టుకి పెట్టి, సెట్టింగ్స్‌లో హాట్‌స్పాట్ ఉండే చోట యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్‌లోని నెట్‌ని కేబుల్ ద్వారా పీసీకి ఇచ్చేది) ఆన్ చేయండి. దానికి కావాల్సిన డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది కాబట్టి మామూలుగా కాసేపట్లోనే నెట్ వచ్చేస్తుంది. కేబుల్ మాత్రం డేటా వెళ్లేదై ఉండాలి, కొన్ని చౌక కేబుళ్లు ఛార్జింగ్‌కి తప్ప దేనికీ పనికిరావు. ఐఫోన్‌ని ఈ దశలో నమ్ముకోవద్దు, దానికి మళ్లీ వేరే డ్రైవర్ కావాలి. ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉంటే ల్యాన్, వైఫై డ్రైవర్లు రెండూ ముందే పెన్‌డ్రైవ్‌లో వేసి పెట్టుకోండి. అది ఇంకా నిశ్చింత.

డ్రైవర్లు ఎక్కడివి? మీ బోర్డు కంపెనీ సైట్‌లో, మీ మోడల్ పేజీలో, సపోర్ట్ అన్న చోట ఉంటాయి. మోడల్ పేరు అక్షరం తేడా లేకుండా చూసుకోండి, పేరు చివర వైఫై అని ఉన్న బోర్డు, లేని బోర్డు ఒకటి కాదు. రివిజన్ నంబర్ అని ఇంకోటి ఉంటుంది, అదే మోడల్‌లో మీది ఎన్నో వెర్షనో చెప్పేది. అది కొన్ని బోర్డుల మీద ఒక మూలన ‘రెవ్’ అనే చిన్న అక్షరాల పక్కన అచ్చు వేసి ఉంటుంది. మా తమ్ముడి పీసీకి సికింద్రాబాద్ పార్క్‌లేన్ అంతా తిరిగి ఒక్కో పార్టూ కొని, రాత్రి కూర్చుని కడితే అన్నీ బాగానే పనిచేశాయి, వైఫై ఒక్కటే రాలేదు. డ్రైవర్ వేస్తే ఎర్రర్ కూడా చూపించకుండా వేసుకుంది. రెండు గంటలు పోయాక కేబినెట్ తలుపు తీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే బోర్డు మీద 1.2 అని ఉంది, నేను దించింది 1.0 పేజీలోది. పేరు అదే, లోపల వైఫై కార్డు మాత్రం వేరే కంపెనీది. అప్పటినుంచి బోర్డుని కేబినెట్‌లో బిగించకముందే ఆ మూలని ఫోటో తీసి పెట్టుకుంటున్నాను. మీరూ తీసుకోండి.

ఇక వరుస. ముందు చిప్‌సెట్ డ్రైవర్. బోర్డు మీద ఏమేం భాగాలున్నాయో విండోస్‌కి పరిచయం చేసేది అదే, అందుకే దాన్ని మొదట వేసి ఒకసారి రీస్టార్ట్ చేయమంటాను. ఏఎండీ రైజెన్ అయితే ఏఎండీ సైట్ నుంచే తీసుకోవచ్చు. ఇంటెల్ అయితే చిప్‌సెట్‌తో పాటు మేనేజ్‌మెంట్ ఇంజిన్ (చిప్‌సెట్‌లోనే ఉండే చిన్న కంట్రోలర్) డ్రైవర్ కూడా వేయాలి. తర్వాత ల్యాన్, వైఫై, బ్లూటూత్, ఆడియో. వైఫై, బ్లూటూత్ ఒకే కార్డు మీద ఉన్నా డ్రైవర్లు వేర్వేరు, ఒకటి వేసి రెండోది మర్చిపోయేవాళ్లు చాలామంది.

దించిన జిప్‌లో సెటప్ ఫైల్ లేకపోతే భయపడొద్దు. జిప్ విప్పి, డివైస్ మేనేజర్‌లో (పీసీలోని పరికరాలన్నిటి జాబితా చూపించే విండోస్ స్క్రీన్) ఆ పరికరం మీద రైట్‌క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, రెండో ఆప్షన్‌లో ఆ ఫోల్డర్ చూపిస్తే సరిపోతుంది.

అన్నీ వేశాక కూడా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ అని ఒకటి మిగిలిందనుకోండి. ఈ పాఠంలో మీరు బాగా పట్టుకోవాల్సింది ఇదే. దాని మీద రైట్‌క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీస్ దాకా వెళ్లండి. ‘వెన్’ (VEN) పక్కన అంకెలు, అక్షరాలు కలిపి నాలుగు కనిపిస్తే అది తయారు చేసిన కంపెనీ, ‘డెవ్’ (DEV) పక్కన నాలుగు ఉంటే అది ఏ చిప్పో చెబుతుంది. 8086 అంటే ఇంటెల్ (1978లో వాళ్లు తెచ్చిన ప్రాసెసర్ నంబరే ఇది, నాకు చూసిన ప్రతిసారీ ముచ్చటేస్తుంది). 1022 ఏఎండీ, 10ఇసి (10EC) రియల్‌టెక్, 14సి3 (14C3) మీడియాటెక్. 10ఇసి పక్కన 8125 అని ఉంటే అది రియల్‌టెక్ 2.5 గిగాబిట్ ల్యాన్ చిప్. ఇంక వెతుక్కోవడానికి ఏముంది, నేరుగా దాని డ్రైవరే వేయొచ్చు.

అన్ని డ్రైవర్లూ మేమే వెతికి వేస్తాం అనే సాఫ్ట్‌వేర్లు నెట్‌లో బోలెడు దొరుకుతాయి. వాటి జోలికి అస్సలు వెళ్లకండి. తప్పు డ్రైవర్ వేస్తాయి, డబ్బులడుగుతాయి, అడగని సామాను ఎక్కిస్తాయి. మొదటిసారి డెస్క్‌టాప్ రాగానే బోర్డు కంపెనీ యుటిలిటీ వేయమంటారా అని అడిగితే మాత్రం అది మీ ఇష్టం, నేనైతే వద్దని నొక్కి చేత్తోనే వేసుకుంటాను. విండోస్ అప్‌డేట్‌లో ఆప్షనల్ అప్‌డేట్స్ కింద డ్రైవర్లు ఉంటే, ఇంకా పసుపు గుర్తున్న వాటికి పనికొచ్చేవే తీసుకోండి.

వచ్చే పాఠానికి ముందు డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు ఒక్కటీ లేకుండా చేసుకోండి. ఏదైనా మొండికేస్తే దాని హార్డ్‌వేర్ ఐడీ కాగితం మీద రాసి ఉంచుకోండి. ఏడో పాఠంలో గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్, ర్యామ్‌ని డబ్బా మీద రాసిన స్పీడుకి తేవడం చూద్దాం.