కవలలు పాలు తాగకుండా నిద్రపోతుంటే: మొదటి వారంలో సమస్యలు, పరిష్కారాలు

బిడ్డను లేపే చిట్కాలు వెతికే ముందు ఒక కాగితం తీసి మధ్యలో గీత గీయండి. గీతకు ఒక పక్క ఒక బిడ్డ, రెండో పక్క ఇంకో బిడ్డ. ఎప్పుడు పాలు పట్టారు, ఎన్ని డైపర్లు తడిశాయి, ఎన్నిసార్లు మోషన్ అయింది, ఏ రంగులో ఉంది, ఇవన్నీ ఎవరివి వాళ్లకే రాయండి. బాలింతల వార్డులో కవలల తల్లులను ఈ లెక్క అడిగితే తరచూ వినబడే జవాబు ఒకటే: "ఇద్దరివీ కలిపి నిన్న ఏడు డైపర్లు మార్చాం సిస్టర్, బాగానే పోస్తున్నారు." విడదీసి చూస్తే ఐదు ఒకరివి, రెండు ఇంకొకరివి. అసలు సంగతంతా ఆ రెండింటిలోనే ఉంటుంది. ఇంత తేలికైన పనిని దాటేసి మిగతావన్నీ చేస్తుంటే బాధేస్తుంది.

ఒక్కో బిడ్డకు మొదటి రోజు కనీసం 1 తడి డైపర్, రెండో రోజు 2, మూడో రోజు 3 ఉండాలి. పాలు బాగా పడ్డాక, అంటే ఐదో రోజు నుంచి, రోజుకు 6 లేదా అంతకు మించి ఉండాలి. మోషన్ మొదట నల్లగా, జిగటగా ఉండి, తర్వాత ఆకుపచ్చకు మారి, ఐదో రోజుకల్లా పసుపుగా అవ్వాలి. అప్పటికీ నల్లగానే ఉందంటే కడుపులోకి పాలు చాలినన్ని వెళ్లడం లేదని అనుమానించాలి. డైపర్‌లో ఇటుకపొడి రంగు మరక మొదటి రెండు రోజుల్లో కనిపిస్తే కంగారు అక్కర్లేదు, ఆ తర్వాత కూడా కనిపిస్తే బిడ్డను చూపించండి. బరువు మొదట కొంత తగ్గడం మామూలే. 7 శాతం దాటి తగ్గితే పాలు తాగే తీరును ఎవరైనా దగ్గరుండి చూడాలి, 10 శాతానికి చేరితే డాక్టరు చూడాల్సిందే.

సమస్య: మూడు గంటలు దాటినా లేవడం లేదు

కవలల్లో చాలామంది 37 వారాలు నిండకముందే పుడతారు. ఆకలేస్తే లేచి ఏడ్చేంత ఓపిక వాళ్లకు ఇంకా రాదు. "ఆకలైతే అదే లేస్తుందిలే" అనే మాట నెలలు నిండి పుట్టి, పుట్టినప్పటి బరువుకు మళ్లీ చేరిన బిడ్డకు పనికొస్తుంది. వీళ్లకు పనికిరాదు. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. ఒకసారి మొదలుపెట్టిన వేళ నుంచి మళ్లీ మొదలుపెట్టే వేళకు మూడు గంటలు దాటకూడదు, రాత్రి కూడా. ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

ఒకరు లేస్తే రెండోవాళ్లనూ లేపండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు. కవలల్లో అడిగేది ఒకరే అయితే ఇంటిల్లిపాదీ ఆ ఏడుపు వెనకే తిరుగుతారు, మెదలకుండా పడుకున్న బిడ్డకు "ఎంత బుద్ధిగా ఉందో" అని మెచ్చుకోలు దక్కుతుంది. నాలుగు రోజుల పసికందు అంత బుద్ధిగా ఉంటే నాకు టెన్షన్ మొదలవుతుంది.

లేపడానికి చుట్టిన గుడ్డ విప్పి, డైపర్ ఒక్కటే ఉంచి మీ ఛాతీకి ఆనించుకోండి, వీపు మీద దుప్పటి కప్పండి. వీపు, అరికాళ్లు నిమరండి. గదిలో లైటు తగ్గించండి, వెలుగు ఎక్కువైతే కళ్లు ఇంకా గట్టిగా మూసుకుంటారు. చన్నీళ్లు చల్లడం, అరికాలి మీద కొట్టడం వద్దు. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతున్నా, నోరు చప్పరిస్తున్నా, చెయ్యి నోటి దగ్గరకు వెళ్తున్నా తేలిక నిద్రలో ఉన్నట్టు. అప్పుడు సులువుగా లేస్తారు.

సమస్య: నలభై నిమిషాలు రొమ్ము దగ్గరే ఉంటుంది, అయినా బరువు తగ్గుతోంది

అనుభవం ఉన్నవాళ్లనూ బోల్తా కొట్టించేది ఇదే. చూడటానికి అంతా సవ్యంగానే ఉంటుంది. బిడ్డ రొమ్ము పట్టింది, దవడ కదులుతోంది, కళ్లు మూతలు పడ్డాయి. వదిలేశాక హాయిగా నిద్రపోతోంది. కడుపు నిండిందని అందరూ అనుకుంటారు. నిజానికి అది తాగలేదు. రొమ్ము వెచ్చదనానికి నిద్రలోకి జారి, నిద్రలోనే పైపైన చప్పరిస్తోంది. పాలు అందక ఓపిక తగ్గుతుంది, ఓపిక లేక ఇంకా నిద్రపోతుంది, నిద్ర వల్ల ఇంకా తక్కువ తాగుతుంది. ఇలా రెండు రోజులు గడిచేసరికి బిడ్డ నీరసించిపోతుంది, రొమ్ము ఖాళీ కాక తల్లికి పాలు పడటమూ ఆలస్యమవుతుంది.

అందుకే గడియారం చూడకండి, గుటక చూడండి. తాగే బిడ్డ గడ్డం బాగా కిందికి దిగుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, తర్వాత చిన్నగా ఊపిరి వదిలిన చప్పుడు వినిపిస్తుంది. ముర్రుపాలు కొద్దికొద్దిగా వస్తాయి కాబట్టి మొదటి రెండు రోజులు కొన్ని చప్పరింపులకు ఒక గుటక పడుతుంది. పాలు పడ్డాక ఒకటి రెండు చప్పరింపులకే ఒక గుటక వినిపించాలి. గడ్డం సన్నగా వణుకుతున్నట్టు కదులుతూ గుటక లేకపోతే ఆ నిమిషాలను కాగితం మీద పాలు తాగిన సమయంగా రాయకండి.

గుటకలు ఆగగానే రొమ్మును బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య పట్టుకుని, చనుమొనకు దూరంగా మెల్లగా నొక్కి పట్టండి. బిడ్డ మళ్లీ గుటక వేస్తుంది. ఆగితే వదిలి, చెయ్యి కొంచెం జరిపి మళ్లీ నొక్కండి. నొప్పి పుట్టకూడదు. నొక్కినా ఫలితం లేకపోతే రొమ్ము వదిలించి, డైపర్ మార్చి, రెండో వైపు పట్టండి. ఇదంతా అరగంట దాటనివ్వకండి. అలసిన బిడ్డను గంటసేపు రొమ్ముకే ఉంచితే తాగే పాలకన్నా ఖర్చయ్యే ఓపికే ఎక్కువ. అప్పుడు చేత్తో పిండిన పాలు స్పూనుతో గానీ ఉగ్గుగిన్నెతో గానీ పట్టండి. బిడ్డ మెలకువగా, కొంచెం నిటారుగా ఉండాలి. నిద్రపోతున్న బిడ్డ నోట్లో పాలు పోయకండి, పొలమారుతుంది.

ముర్రుపాలు చిక్కగా ఉంటాయి, పాలు తీసే పంపుతో తీస్తే దాని గోడలకే అంటుకుపోతాయి. ఈ రోజుల్లో చేత్తో నేరుగా స్పూనులోకి పిండుకోవడమే మేలు. మొదటి రోజు ఒక్కోసారికి కొన్ని మిల్లీలీటర్లు వస్తే చాలు, "ఇంతేనా" అని దిగులుపడకండి. సరిగ్గా ఎంత పట్టాలో ఆ బిడ్డ బరువును బట్టి డాక్టరు చెబుతారు. ఇద్దరికీ సరిపడా రాకపోతే పై పాల మాట కూడా డాక్టరునే అడగండి. కొన్నాళ్లు అవి పట్టినంత మాత్రాన తల్లిపాలు పోవు, రోజుకు ఎనిమిదిసార్లు రొమ్ము ఖాళీ అవుతుంటే చాలు. నీళ్లు, గ్లూకోజ్ నీళ్లు మాత్రం వద్దు.

కవలల్లో ఇంకో చిక్కు ఉంది. "ఎడమది దీనికి, కుడిది దానికి" అని మొదట్లోనే పంచేస్తారు. మగతగా ఉండే బిడ్డ వాటాకు వచ్చిన రొమ్ములో పాలు తగ్గిపోతాయి, ఆ బిడ్డకే మళ్లీ దెబ్బ. కనీసం రోజుకోసారైనా మార్చండి. గట్టిగా తాగే బిడ్డను ఒక వైపు, మగత బిడ్డను మరో వైపు ఒకేసారి పట్టిస్తే మొదటి బిడ్డ వల్ల రెండు వైపులా పాలు దిగుతాయి, రెండో బిడ్డకు కష్టం తగ్గుతుంది. కానీ ఇద్దరూ సరిగా పట్టడం వచ్చేదాకా విడివిడిగానే పట్టండి. మగత బిడ్డ గుటక వినాలంటే మీ ధ్యాసంతా దాని మీదే ఉండాలి.

సమస్య: ఒళ్లు పచ్చబడుతోంది, మగత పెరుగుతోంది

కామెర్లు మగత తెస్తాయి, పాలు తక్కువ తాగితే మోషన్లు తగ్గి కామెర్లు పెరుగుతాయి. కామెర్లు ఎంత ఉన్నాయో చెప్పే బిలిరుబిన్ పరీక్ష చేయించండి. ఎండలో పెడితే సరిపోతుందని ఆగవద్దు.

నాలుక కింద పొర అతుక్కుని ఉండటం, థైరాయిడ్ లోపం, తల్లి కడుపులో మాయ ముక్క మిగిలి పాలు పడకపోవడం, ఇవీ కారణం కావచ్చు గానీ అంత తరచుగా కాదు. పైవన్నీ సరిచేశాక డాక్టరుతో మాట్లాడుకోవచ్చు. మీరు వాడే నొప్పి మందుల్లో కోడీన్, ట్రమడాల్ ఉన్నాయేమో మాత్రం ఇవాళే అడగండి. అవి పాలలోకి చేరి బిడ్డకు మగత తెస్తాయి, ఊపిరికి కూడా ప్రమాదం.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి: ఎంత కదిపినా లేవకపోవడం, వరుసగా రెండుసార్లు పాలు ముట్టకపోవడం, ఒళ్లు వేలాడిపోవడం లేదా వణకడం, జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ లేదా పైన, ఒళ్లు 36.5 కన్నా చల్లబడి కప్పినా వేడెక్కకపోవడం, ఊపిరి వేగంగా లేదా మూలుగుతూ తీయడం, పెదవులు నీలమవడం, పచ్చదనం కాళ్ల దాకా దిగడం. ఇంట్లో ఇంకో గంట ప్రయత్నిద్దామని ఆగకండి.

ఇద్దరూ పుట్టినప్పటి బరువుకు చేరి, వరుసగా పెరుగుతూ, తమంతట తామే లేస్తుంటే డాక్టరుతో చెప్పి అలారం తీసేయవచ్చు. ఒకరే చేరితే ఆ ఒక్కరికే తీసేయండి. పాలు పిండటం ఒక్కసారిగా మానకుండా ఒక్కోసారి చొప్పున మెల్లగా తగ్గించుకుంటూ, ఆ వారమంతా తడి డైపర్లను ఇంకా విడివిడిగానే లెక్కపెట్టండి.