కుర్చీ వదలని రోజులో కదలిక ఎక్కడ తప్పిపోతోంది? సమస్య - పరిష్కారం

విజయవాడ బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు గల్లాపెట్టె దగ్గరైనా, గవర్నర్‌పేటలో ఆడిటరు ఆఫీసులోనైనా, ఇంట్లో ల్యాప్‌టాప్ ముందైనా రోజు గడిచే తీరు ఇంచుమించు ఒకటే. బండి మీద వెళ్లడం, కూర్చోవడం, బండి మీద రావడం, టీవీ ముందు మళ్లీ కూర్చోవడం. ఇందులో కదలిక పెంచాలని చూసినవాళ్లకు తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, వాటి కారణాలు, దిద్దుబాట్లు ఇవి.

ముందు కొలత తెలియాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానికి తోడు కనీసం రెండు రోజులు కండరాలకు పని ఉండాలి. ఒకేసారి పది నిమిషాలైనా చేస్తేనే లెక్క అన్న పాత షరతును అప్పుడే తీసేశారు. అంటే రెండు నిమిషాల మెట్లు కూడా ఖాతాలో పడతాయి. ఓ మోస్తరు అంటే నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అడుగుల్లో చెప్పాలంటే నిమిషానికి సుమారు 100.

"నడక మొదలుపెడతాం, పది రోజులకే ఆగిపోతుంది"

దీన్ని బద్ధకం అనుకుంటారు గానీ చాలా ఇళ్లలో తప్పు టైంటేబుల్‌దే. రోజంతటి కదలికనూ పొద్దుటి ఆరింటి నడక అనే ఒకే మేకుకు తగిలిస్తారు. రాత్రి పెళ్లి భోజనం ఆలస్యమైనా, పొద్దున పనిమనిషి రాకపోయినా ఆ రోజుకి సున్నా. వరసగా మూడు సున్నాలు పడ్డాక షూస్ మంచం కిందికి పోతాయి.

ముక్కలు చేయండి. బండిని ఆఫీసుకు 500 మీటర్ల ఇవతల ఆపితే పోను ఏడు నిమిషాలు, రాను ఏడు. బందరు రోడ్డు మీద పార్కింగ్ కోసం తిరిగే టైముతో పోలిస్తే నష్టమేమీ లేదు. షేర్ ఆటోలో వచ్చేవాళ్లు ఒక స్టాపు ముందే దిగిపోవచ్చు. సాయంత్రం పాలు, పెరుగు, కూరగాయలకు బండి తీయకండి. ఇవి తప్పనిసరి పనులు కాబట్టి మనసు బాగోలేని రోజూ జరిగిపోతాయి. పొద్దుటి నడక కుదిరితే అది పైపెచ్చు. ఆదివారం కాస్త ఎక్కువ నడవాలంటే ప్రకాశం బ్యారేజీ ఉంది. పొడవు 1,223.5 మీటర్లు, అటు సీతానగరం వైపు వెళ్లి తిరిగొస్తే రెండున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువ, అరగంట పని. ట్రాఫిక్ పెరగకముందే ముగించుకోవాలి.

రోజుకు పదివేల అడుగులన్న అంకెతో మొదలుపెట్టకండి. అది 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరు నుంచి వచ్చింది, వైద్యులు తేల్చిన హద్దు కాదు. ఫోన్ ఇప్పుడు చూపిస్తున్న సగటుకు వెయ్యి కలపండి. పదిహేను రోజులు నిలిస్తే ఇంకో వెయ్యి.

"రోజూ గంట నడుస్తున్నాం. అయినా నడుము పట్టేస్తోంది, తిన్న తర్వాత షుగరు దిగడం లేదు"

ఇది ఎక్కువమందికి అంతుపట్టనిది. గంట నడక మంచిదే, కానీ మిగతా పది గంటల కూర్చోవడాన్ని అది పూర్తిగా చెరిపేయదు. కూర్చున్నంతసేపూ తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో ఉన్న పెద్ద కండరాలు దాదాపు పని మానేస్తాయి. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. కదలనప్పుడు ఆ దారి మూతపడుతుంది. కాళ్లలోని రక్తాన్ని పైకి నెట్టేది కూడా పిక్క కండరమే, అందుకే సాయంత్రానికి పాదాలు బరువెక్కుతాయి. ఇక నడుము సంగతి: తుంటి ముందువైపు కండరాలు గంటల తరబడి మడతలో ఉండి బిగుసుకుంటాయి, లేచి నిలబడగానే నడుమును ముందుకు లాగుతాయి.

కాబట్టి ఇక్కడ నడక పెంచడం మందు కాదు, కూర్చోవడాన్ని మధ్యమధ్యలో తెంచడం మందు. అరగంటకోసారి లేచి రెండు మూడు నిమిషాలు తిరగాలి. అన్నిటికన్నా ఫలితమిచ్చేది మధ్యాహ్న భోజనం తర్వాతి నడక. మనం తినేది అన్నం. తిన్న గంట, గంటన్నరలో చక్కెర బాగా పైకెక్కుతుంది. చెయ్యి కడుక్కున్న పావుగంట, ఇరవై నిమిషాల లోపే మొదలుపెట్టి పది పదిహేను నిమిషాలు నింపాదిగా నడిస్తే ఆ ఎక్కుడు తగ్గుతుంది. ఎండలోకి పోనక్కర్లేదు. 20 మీటర్ల వరండాలో పద్దెనిమిది సార్లు వెళ్లి వస్తే 720 మీటర్లు, పది నిమిషాలు. తోటివాళ్లు రెండు రోజులు వింతగా చూస్తారు, మూడో రోజు ఎవరో ఒకరు తోడొస్తారు.

నడుముకు: కుర్చీలోంచి లేచాక ఒక కాలు వెనక్కి వేసి, వెనక మోకాలు కొంచెం వంచి, పిరుదులు బిగించండి. తొడ పైభాగంలో ముందువైపు సాగినట్టు తెలియాలి. 30 సెకన్లు, రెండో వైపు మరో 30.

"ఫోన్‌లో అలారం పెట్టాం, మోగితే ఆపేసి మళ్లీ పనిలో పడుతున్నాం"

అలారం గడియారాన్ని చూసి మోగుతుంది, మీ పనిని చూసి కాదు. జీఎస్టీ లెక్క మధ్యలో మోగితే ఎవరైనా ఆపేస్తారు. లేవడాన్ని పని మలుపులకు కట్టండి. ఫోన్ వస్తే నిలబడే మాట్లాడాలి. ఒక కట్ట బిల్లులు ఎక్కించగానే లేవాలి. ప్రింటరు చేతికందే చోట ఉంటే గది అవతలికి మార్చండి. టేబుల్ మీది రెండు లీటర్ల సీసా తీసేసి గ్లాసు పెట్టుకోండి. నీళ్లకు ఐదారుసార్లు లేవక తప్పదు, తాగిన నీళ్లు మరికొన్నిసార్లు లేపుతాయి.

"గల్లా వదిలి కదలడానికి లేదు"

పెళ్లిళ్ల సీజన్లో కొట్టులో ఇది నిజమే. అయినా నిలబడటానికి చోటుంటుంది. డబ్బు లెక్కపెట్టేటప్పుడు, బిల్లు చించేటప్పుడు నిలబడండి. బల్ల పట్టుకుని మడమలు ఎత్తి దించడం ఒక విడతకు 15, గంటకో విడత. కూర్చునే ఉండాల్సి వస్తే మోకాలు చాచి ఐదు సెకన్లు బిగబట్టి దించడం, కాలికి పది చొప్పున. దీంతో వారం లెక్క తీరదు గానీ కాళ్ల వాపు, తిమ్మిరి తగ్గుతాయి. రెండు కాళ్లూ కాకుండా ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే మాత్రం అది సిరలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. పిసకకండి, అదే రోజు డాక్టరుకు చూపించండి.

"పొద్దున మంచం దిగి అడుగేస్తే మడమలో పొడిచినట్టుంది"

అరికాలి కింద మడమ నుంచి వేళ్ల దాకా ఉండే పట్టీ వాచింది. కారణం చాలాసార్లు రెండింటి కలయికే: రెండు వేల అడుగుల నుంచి ఒక్క వారంలో ఎనిమిది వేలకు పోవడం, అదీ అరిగిన హవాయి చెప్పులతోనో, ఇంట్లో గ్రానైటు మీద ఒట్టికాళ్లతోనో. అడుగులు సగానికి తగ్గించండి, పూర్తిగా మానొద్దు. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు. గోడకు చేతులానించి, ఒక కాలు వెనక్కి పెట్టి, మడమ నేలను వదలకుండా పిక్క సాగదీయడం 30 సెకన్లు, మూడుసార్లు, రోజుకు రెండు పూటలు. నీళ్ల సీసాను ఫ్రీజరులో గడ్డకట్టించి అరికాలి కింద ఐదు నిమిషాలు దొర్లించడం. తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. వారానికే షూస్ మార్చి డబ్బు తగలేసుకోకండి.

"మెట్లు దిగుతుంటే మోకాళ్లు కలుక్కుమంటున్నాయి"

ఎక్కడం కన్నా దిగడమే మోకాలికి ఎక్కువ భారం, తొడ కండరం నీరసంగా ఉంటే మరీను. కొన్నాళ్లు ఎక్కడానికి మెట్లు, దిగడానికి లిఫ్టు వాడండి. ఈలోగా తొడకు బలం కావాలి. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, చేతులు గుండెల మీద కట్టుకుని లేచి కూర్చోండి. కూర్చునేటప్పుడు మూడు సెకన్లు తీసుకోవాలి, ధబీమని పడకూడదు. పదేసి చొప్పున రెండు విడతలు, వారానికి మూడు రోజులు. కష్టమైతే సీటు మీద దిండు వేసి ఎత్తు పెంచండి. నొప్పి లేకుండా నెల గడిచాక గుంజీళ్లు మొదలుపెట్టొచ్చు. 20 లీటర్ల నీళ్ల టిన్నుతో మూడో అంతస్తుకు ఎక్కడాన్ని మాత్రం వ్యాయామం కింద జమ కట్టకండి.

"ఏప్రిల్ రాగానే అన్నీ ఆగిపోతాయి"

బెజవాడ ఎండకు తోడు ఉక్కపోత. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అందుకే అదే నడకకు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. పొద్దున ఏడు దాటాక బయట నడక వద్దు. సాయంత్రం డాబా కూడా తొందరపడి ఎక్కొద్దు, రాత్రి ఎనిమిది దాకా స్లాబు సెగ కొడుతూనే ఉంటుంది. ఇంట్లో ఫ్యాను కింద పది నిమిషాలు నిలబడ్డ చోటే నడక, గోడకు చేతులానించి పదిహేను దండీలు, కుర్చీ లేవడాలు చాలు. మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసుకుని తాగండి, బీపీ ఉంటే ఉప్పు మానేయండి. నడుస్తుండగా తల తిరిగి, వికారం వస్తే వెంటనే నీడకు వచ్చి తడిగుడ్డ కప్పుకోవాలి.

"నెలైంది, కిలో కూడా తగ్గలేదు"

70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130-150 కేలరీలు. దారిలో ఒక ప్లేటు పునుగులు తింటే తిరిగొచ్చేస్తుంది. బరువు కోసం తిండి వైపు చూడండి. నడక పని చేస్తోందా లేదా తెలియాలంటే అవే మెట్లు ఎక్కాక ఆయాసం ఎంతుందో, తిన్న రెండు గంటల షుగరు ఎంతుందో చూసుకోవాలి.

మొదలుపెట్టే ముందే డాక్టరును అడగాల్సినవాళ్లు

నడిస్తే గుండెలో బరువుగా ఉండి ఆగితే తగ్గేవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ వాడేవాళ్లకు కదలిక పెరిగితే షుగరు మరీ పడిపోవచ్చు, మోతాదు మార్చాల్సి రావచ్చు. జేబులో చక్కెర పొట్లమో, గ్లూకోజు బిస్కెట్లో ఉంచుకోండి. షుగరుతో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఒట్టికాళ్లతో నడవకూడదు. రాత్రి పడుకునే ముందు అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి, కంటికి అందకపోతే అద్దం పెట్టుకుని.