పాత జెన్ కారు గేర్ రాడ్ ఊగుతుంటే

న్యూట్రల్‌లో కూడా గేర్ రాడ్ గలగలా ఊగుతుంటే గేర్‌బాక్స్ పోయిందని భయపడొద్దు. చాలావరకు అరిగేది బుష్‌లే, అంటే కీళ్లలో బోల్టు చుట్టూ ఉండే చిన్న నైలాన్ లేదా రబ్బరు గొట్టాలు. పాత జెన్, మారుతి 800 బండ్లలో గేర్ రాడ్ నుంచి గేర్‌బాక్స్ దాకా కింద ఇనుప రాడ్ ఉంటుంది. దాని కీళ్లలోనే లూజు వస్తది. హన్మకొండ దాటి పత్తి చేల మట్టిదారుల్లో తిరిగే బండికి దుమ్ము, బురద చేరి ఇంకా తొందరగా అరుగుతయి.

సైలెన్సర్ పైపు చల్లారాక బండిని స్టాండ్ల మీద నిలపండి, ఒక్క జాకీని నమ్మి కిందికి దూరొద్దు. లోపల ఒకరు గేర్ రాడ్‌ను మెల్లగా కదిలించాలి, కింద ఇంకొకరు టార్చితో చూడాలి. ఒక పక్క కదిలి అవతలి పక్క కదలకుండా ఉన్న కీలే అరిగింది.

గేర్‌బాక్స్ దగ్గరి కీలు బోల్టు విప్పి వేలితో తడమండి. మధ్యలో గాడి తగిలితే బుష్‌తో పాటు బోల్టు కూడా కొత్తదే వేయాలి. పాత బోల్టుకు కొత్త బుష్ తొడిగితే మళ్లీ లూజే. నట్టు కూడా మార్చండి. నైలాన్ బుష్‌కు లిథియం గ్రీజు పూయండి. రబ్బరుకు మాత్రం సిలికాన్ గ్రీజే, మామూలుది రాస్తే ఉబ్బి చెడిపోతది. అక్కడ ఆయిల్ కారుతుంటే ముందు షాఫ్ట్ సీల్ (గేర్‌బాక్స్‌లోంచి బయటికొచ్చే షాఫ్ట్ చుట్టూ ఆయిల్‌ను ఆపే రింగు) మార్చాలి.

యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా గేర్ రాడ్ ముందుకూ వెనక్కూ పోతుంటే ఇంజన్‌ను బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మ, అంటే ఇంజన్ మౌంటు చూడండి.

బిగించాక ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, రివర్స్‌తో సహా అన్ని గేర్లూ వేసి చూడండి.